ప్రాగ్ పాత పట్నంలో గైడుతో నడక

రెండున్నర గంటల నడక. గుంపులో 18 మందిమి ఉన్నాం, అది ఎక్కువే. 1410 నాటి ఖగోళ గడియారం దగ్గర జనం గోలలో వెనక నిలబడ్డ మాకు సగం మాటలు వినపడలేదు. ఇయర్‌ఫోన్లు ఇచ్చి ఉండాల్సింది.

కానీ ఆ పక్కనే, పాత టౌన్‌హాల్ గోడ ముందు, నేలరాళ్లలో పొదిగిన 27 తెల్ల శిలువలు చూపించింది గైడు. 1621లో అక్కడే 27 మందికి మరణశిక్ష అమలు చేశారట. 24 మందికి తలలు నరికారు, ముగ్గురిని ఉరితీశారు. అంతకుముందు రోజు అమ్మా నేనూ చూసుకోకుండా ఆ శిలువల మీదుగానే నడిచాం. అమ్మ చాలాసేపు అక్కడినుంచి కదల్లేదు, గైడు కూడా తొందరపెట్టలేదు.

1357లో కట్టడం మొదలుపెట్టిన చార్లెస్ వంతెన దగ్గర నడక ముగిసింది. దారంతా రాళ్లు పరిచిన వీధులే, మెత్తటి బూట్లు వేసుకోండి. వీలైతే పొద్దున బ్యాచ్‌కే వెళ్లండి.