పిల్లలు తమను తాము గాయపరచుకుంటుంటే... స్టాఫ్‌కు ఏ ట్రైనింగ్ మేలు?

ఇంటర్ ఫలితాల సీజన్ వచ్చిందంటే చాలు, అనంతపురం, కర్నూలు, కడప వైపు హాస్టల్ వార్డెన్లు, ప్రిన్సిపాళ్లు, నర్సింగ్ సూపరింటెండెంట్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మా స్టాఫ్‌కు ట్రైనింగ్ పెట్టించాల. సైకియాట్రిస్టును పిలిచి ఒకరోజు క్లాసు చెప్పిస్తే చాలా? ఆన్‌లైన్ కోర్సు మేలా? లేదంటే మీరు చెప్పే నెలనెలా కూర్చునే పద్ధతా?"

తమను తాము గాయపరచుకునే పిల్లలందరూ చావాలనుకుని ఆ పని చేయరని, అలాగని తేలిగ్గా వదిలేసే విషయమూ కాదని అడిగేవాళ్లకు తెలుసు. కాబట్టి నేరుగా ట్రైనింగుల సంగతికే వస్తాను.

ఒకరోజు క్లాసును కొట్టిపారేయలేం. చట్టం భయం పోగొట్టడానికి అంతకన్నా సులువైన దారి లేదు. క్యాజువాలిటీలో నర్సుకైనా, హాస్టల్లో వార్డెన్‌కైనా ముందు వచ్చే టెన్షన్ "పోలీసు కేసు అవుతుందా" అనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షనే లేదు. ఇంత చెప్పడానికి గంట చాలు. మిగతా రోజంతా స్లైడ్లు నడుస్తాయి, భోజనాలయ్యాక వెనక వరుసలు కునుకు తీస్తాయి. చివర్లో ఒక మార్కుల పట్టిక పంచి, ఇన్ని దాటితే ప్రమాదం అని చెప్తారు. మనవాళ్లకు అంకె అంటే మహా ఇష్టం, దాన్ని ఫైల్లో పెట్టేసుకుంటారు. బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి పట్టికలతో రేపు ఏం జరుగుతుందో అంచనా కట్టొద్దని తేల్చి చెప్పాయి. ఆ మనిషితో కూర్చుని మాట్లాడి, బాధేంటో, ఏ సాయం కావాలో తెలుసుకోమన్నాయి.

ఆన్‌లైన్ కోర్సులు పీహెచ్‌సీ డాక్టర్లకు, చదువుకున్న కౌన్సెలర్లకు బాగానే పనికొస్తాయి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారి డిజిటల్ అకాడమీ కోర్సులు వాళ్లకు నేనే చెప్తుంటాను. ఇంగ్లిష్ పాఠం వినలేని ఆయమ్మకు, వంటమ్మకు వాటితో పని లేదు. నిజానికి గాయాలు కనబడకుండా పిల్ల పొడుగు చేతుల చొక్కా వదలడం లేదని ముందు గమనించేది వాళ్లే. ఆత్మహత్య ఆలోచనలను గుర్తించడం నేర్పే చిన్న కోర్సులు కూడా ఉన్నాయి. తప్పేం లేదు, చేసుకోవచ్చు. కానీ అన్ని గాయాలూ చావు ఆలోచనతో చేసుకున్నవి కావు కాబట్టి, మన సమస్యలో సగమే వాటికి అందుతుంది.

మూడోది, పది పన్నెండు మందిని కూర్చోబెట్టి రెండు మూడు పూటలు మాటలు సాధన చేయించి, ఆ తర్వాత నెలకోసారి మళ్లీ కలిసే పద్ధతి. నా మొగ్గు దీనివైపే. ఇందులో ఒకరు పిల్లగా, ఒకరు వార్డెన్‌గా కూర్చుంటారు. మొదటిసారి దాదాపు అందరి నోటా వచ్చేది "ఏం పనమ్మా ఇది, అమ్మానాయనల గురించి ఆలోచించినావా?" అనే మాటే. ఎదురుగా పిల్లగా కూర్చున్న టీచర్ ముఖం ముడుచుకుపోవడం అందరూ చూస్తారు. అప్పుడు వేరే మాట వెతుక్కుంటారు. "ముందు కట్టు కడదాం రామ్మా. చెప్పాలనిపిస్తే చెప్పు, ఇక్కడే కూర్చుంటా." "మా అమ్మకు చెప్పొద్దు మేడమ్" అని పిల్ల బతిమాలితే ఏమనాలి? "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకూడదు. ఆ పిల్ల లైంగిక వేధింపు సంగతి బయటపెడితే, పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు తెలియజేయక తప్పదు. "ఎవరికి చెప్పాల్సి వచ్చినా ముందు నీకు చెప్తా" అనడం నిజాయితీ. ఈ ఒక్క వాక్యం తడబడకుండా అనడానికే కొందరికి పూట పడుతుంది.

అసలు తేడా నెల తర్వాత తెలుస్తుంది. అంత ఓర్పుగా మాట్లాడిన పిల్ల మళ్లీ గాయంతో వస్తుంది. వార్డెన్‌కు కోపం వస్తుంది, "ఇంత చేసినా ఇంతేనా" అనిపిస్తుంది. "నాటకాలు" అనే మాట నోట్లోంచి వచ్చేది అప్పుడే. ఆ మాట విన్న పిల్ల ఇంకోసారి చెప్పుకోదు, దాచుకుంటుంది. ఈ కోపాన్ని దించుకునే చోటు కావాలి. మళ్లీ చేసుకోవడం అనేది ఊహించాల్సిందేనని, తన ఓటమి కాదని వార్డెన్‌కు గుర్తుచేసే మనిషి కావాలి. ఎంత గొప్ప డాక్టరైనా ఒక్కసారి వచ్చిపోయి ఈ పని చేయలేడు. అనంతపురం పక్కనే ఉన్న బళ్లారిలో 1980లలో నిమ్హాన్స్ పీహెచ్‌సీ సిబ్బందికి శిక్షణ ఇచ్చినప్పుడు, వెనక జిల్లా స్థాయిలో అండ కూడా ఏర్పాటు చేసింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా.

ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. ఔట్‌సోర్సింగ్ స్టాఫ్ మారిపోతుంటారు, మళ్లీ మొదటికొస్తుంది. కోసిగి, ఆదోని వైపు సీజనల్ హాస్టళ్లలో అయితే తల్లిదండ్రులు సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోయి ఉంటారు. "పేరెంట్స్‌ను పిలిపించండి" అనే సలహా అక్కడ నడవదు, ఎవరిని పిలవాలో ఆ హాస్టల్ వాళ్లతోనే కూర్చుని తేల్చుకోవాలి. నెలనెలా సైకియాట్రిస్టే రానక్కర్లేదు, అనుభవమున్న సైకియాట్రిక్ నర్సో సోషల్ వర్కరో చాలు. మధ్యలో అర్ధరాత్రి అవసరం పడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు స్టాఫ్ కూడా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. గాయమైతే మాత్రం ముందు ఆసుపత్రి.

ఒకప్పుడు ఈ బాధ పడి బయటపడిన పెద్దవాళ్లు ఇష్టపడి వస్తే, ట్రైనింగులో వాళ్ల మాట బాగా నాటుకుంటుంది. మీ హాస్టల్ పిల్లనే లేపి మాట్లాడించకండి.

డబ్బు ఒక్కదానికే ఉంటే, చట్టం గంటను మూడోదాంట్లో కలిపేసుకోండి. ఎవరిని పిలిచినా "మళ్లీ ఎప్పుడొస్తారు?" అని ముందే అడిగి తేదీ రాయించుకోండి. ఫలితాలొచ్చాక కాదు, జూన్‌లో హాస్టళ్లు తెరవగానే మొదలుపెట్టండి.