వస్తువులు గీయించాలా, యుద్ధాన్ని గీయించాలా?

యుద్ధకాలంలో పిల్లల చేతికి కాగితమిచ్చిన ఉపాధ్యాయులకు ఒక సందిగ్ధం తప్పదు: కుండీ, కుర్చీ, మంచం వంటి నిత్యవస్తువులను గీయమనాలా, కళ్లారా చూసిన యుద్ధాన్ని గీయమనాలా? మొదటి మార్గానికి రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదులను నిర్బంధించిన, నేటి చెక్ దేశంలోని తెరెజిన్ గెట్టో, రెండవదానికి 1936–39 నాటి స్పెయిన్ అంతర్యుద్ధంలోని బాలల శిబిరాలు ఉదాహరణలు.

ఖర్చు: రెండింటికీ స్వల్పమే. తెరెజిన్‌లో వాడేసిన కార్యాలయ పత్రాల వెనుక వైపు కూడా బొమ్మలు వేశారు.

శ్రమ: యుద్ధచిత్రానికి పిల్లవాడి జ్ఞాపకమే చాలు, వస్తుచిత్రానికి చూడడం నేర్పే గురువు కావాలి. జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాలలో చదివిన చిత్రకారిణి ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ 1942 డిసెంబరులో తెరెజిన్ చేరి, ఆకలి, రోగం, మరణశిబిరాలకు తరలించేవారి జాబితాల భయం నడుమ ఆకారాన్నీ రంగునూ లయనూ గమనించడం నేర్పారు. ప్రతి బొమ్మ మీదా పిల్లలు తమ పేరు రాసుకోవాలన్నారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ మరణశిబిరానికి తరలించి చంపారు. రెండు పెట్టెల్లో మిగిలిన సుమారు 4,500 బొమ్మలు నేడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియం సంరక్షణలో ఉన్నాయి.

ప్రమాదం: వస్తుచిత్రంలో పిల్లవాడి భయం బయటపడకపోవచ్చు. యుద్ధచిత్రం గాయాన్ని రేపవచ్చు, పెద్దల ప్రచారానికీ ఉపయోగపడవచ్చు. స్పెయిన్ పిల్లల బాంబర్ల బొమ్మలను విదేశాల్లో ప్రదర్శించి సహాయనిధులు సేకరించారు. ఆ సహాయం అవసరమైనదే, అయినా బొమ్మ మొదట పిల్లవాడిదని నా దృఢాభిప్రాయం.

ప్రమాదం ఇంకా తలపైనే ఉన్నప్పుడు, రోజూ తరగతి నడిపే గురువు దొరికినప్పుడు వస్తుచిత్రణ మేలు. పిల్లలు సురక్షిత స్థలానికి చేరి, తామే చెప్పాలనుకుంటున్నప్పుడు, పక్కన ఓపికగా వినే పెద్దలుంటే యుద్ధచిత్రణ తగినది.