నీళ్ల సీసానా, మందు గొట్టమా? బడి పిల్లలతో రాకెట్ ఎగరేయాలంటే ఏది మేలు

చలి మొదలైందంటే చాలు, మా బావ నుంచి ఫోనొస్తది. "ఏం బామ్మర్దీ, ఈసారన్న అసలు రాకెట్ ఎగరేస్తవా, మళ్లా నీళ్ల సీసలేనా?" ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి. నేను హన్మకొండ అవతల ఒక ఊళ్లో హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఇద్దరికీ రాకెట్ల పిచ్చి ఉంది. కాకపోతే ఆయన లెక్కలో నిప్పు, పొగ లేనిది రాకెట్టే కాదు. నేనేమో ఐదారేళ్లుగా థమ్సప్ సీసాలు, సైకిల్ పంపుతో నెట్టుకొస్తున్నాను. ఈ పంచాయితీ మా ఇంట్లో తెగదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పిల్లలతో ఈ పని మొదలుపెట్టాలనుకునే టీచర్లకు, ఇంజనీరింగ్ తమ్ముళ్లకు పనికొస్తుంది.

ముందు బావ పక్షం. మందు గొట్టం అంటే గ్లాసులో పోసుకునే మందు కాదు, తుపాకి మందు. దళసరి అట్ట గొట్టంలో దాన్ని దట్టించి, కింద మట్టితో సన్నని మూతి పెడితే అదే మోటరు. కరెంటు తీగతో దూరం నుంచి ముట్టిస్తారు. మందు కాలి రాకెట్ పైకి పోతుంది. తర్వాత కొన్ని సెకన్లు పొగ మాత్రమే వస్తుంది. చివర్లో చిన్న పేలుడు వెనక్కి కాకుండా ముందుకు తన్ని, ముక్కు ఊడగొట్టి పారాచూట్‌ను బయటికి నెడుతుంది. ఈ వరస చూస్తుంటే ముచ్చటేస్తుంది, కాదనను. మోటరు మీద రాసే గుర్తులు కూడా పిల్లలకు మంచి పాఠమే. ఏ అంటే మొత్తం తోపు (నెట్టే బలాన్ని అది ఉండే సమయంతో గుణిస్తే వచ్చేది) 2.5 న్యూటన్-సెకన్ల లోపు, బీ అంటే 5 లోపు, సీ అంటే 10 లోపు. అక్షరం మారినప్పుడల్లా రెట్టింపు. సీ6-5 అని ఉంటే సగటు తోపు 6 న్యూటన్లు, మందు అయిపోయాక 5 సెకన్లకు పారాచూట్ అని అర్థం.

ఈ మోటరు ఎందుకు పుట్టిందో చెప్తే మా అసలు గొడవ అర్థమవుతుంది. 1950లలో అమెరికాలో కుర్రాళ్లు ఇంట్లో సొంతంగా మందు కలిపి రాకెట్లు చేసి చేతులు, కళ్లు పోగొట్టుకునేవాళ్లు. ఆర్విల్ కార్లైల్ అని చెప్పుల దుకాణం నడిపే ఆయన ఒక చిన్న రాకెట్టు తయారుచేశాడు. 1957లో దాన్ని క్షిపణి కేంద్రంలో పనిచేసే హ్యారీ స్టైన్‌కు పంపాడు. పిల్లలు మందును చేత్తో తాకకూడదు, మోటరు ఫ్యాక్టరీ నుంచే రావాలి, ఒక్కసారి కాల్చి పారేయాలి అన్న పద్ధతి అక్కడి నుంచి స్థిరపడింది. 1958లో కంపెనీ పెట్టిన వెర్నన్ ఎస్టెస్ ఆ మోటర్లను యంత్రంతో చేయడం మొదలుపెట్టాడు. అక్కడ ఈ సరదా క్షేమంగా నడుస్తోందంటే కారణం రాకెట్టు కాదు, ఆ ఫ్యాక్టరీ మోటరు.

మనకు లేనిదే అది. వరంగల్ చౌరస్తాలో అట్టముక్క దొరుకుతుంది, పారాచూట్‌కు గొడుగు బట్ట దొరుకుతుంది, కరెంటు తీగ దొరుకుతుంది. సీ6-5 అడిగితే దుకాణదారు మన ముఖం చూస్తాడు. పేలుడు పదార్థాలకు 1884 నాటి చట్టం, 2008 నాటి నిబంధనలు ఉన్నాయి. లైసెన్సుల సంగతి చూసే కేంద్ర సంస్థ పెసో ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లో ఉంది. లైసెన్సు లేకుండా మందు తయారుచేస్తే నేరం. అలాంటి సరుకు రైల్లో తేవడం కూడా నేరమేనని నాకంటే బావకే బాగా తెలుసు, ఆయన తినేదే రైల్వే ఉప్పు. మోటరు దొరకనప్పుడు కుర్రాళ్లు ఏం చేస్తారు? దీపావళికి మిగిలిన తారాజువ్వలు విప్పి మందు తీస్తారు, లేదంటే వీడియో చూసి పంచదార పాకంతోనే రాకెట్ ఇంధనం చేయబోతారు. అంటే 1957కు ముందటి అమెరికా కుర్రాళ్ల దగ్గరికే పోయినట్టు.

ఆ పంచదార రాకెట్ సంగతి ఇక్కడే తేల్చేస్తాను. పొయ్యి మీద కుదరదు, పెరట్లో కుదరదు, "జాగ్రత్తగా చేస్తం సార్" అన్నా కుదరదు. కలిపేటప్పుడు అంటుకుంటే ఆర్పడానికి ఏమీ ఉండదు. దీన్ని ఏది మేలు అనే లెక్కలో చేర్చడం కూడా నాకిష్టం లేదు.

అయినా మందు రాకెట్లను ఒకసారి దగ్గరగా చూశాను. రెండేళ్ల కింద జనవరిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు పిలిస్తే నలభై మంది పిల్లలను తీసుకుని వెళ్లాను. వాళ్లు మోటర్లు పద్ధతి ప్రకారమే తెచ్చుకున్నారు, అందులో వంక లేదు. రెండున్నర గంటల్లో ఎగిరినవి మూడు. ఒకదానికి నిప్పు అందలేదు. అలాంటప్పుడు కనీసం ఒక నిమిషం దగ్గరికి పోకూడదు, ఆగారు. తీగ మార్చారు, మళ్లీ ఆగారు. రెండోది బ్రహ్మాండంగా లేచింది, పిల్లలు కేకలు పెట్టారు, నా ఒళ్లు కూడా పులకరించింది. మూడోది కూడా బాగానే లేచింది, పారాచూట్ విచ్చుకుంది, అది గాలివాటున పోతూనే ఉంది. పోయి పోయి రోడ్డు దాటి పత్తి చేనులో దిగింది.

ఇక్కడ కాస్త లెక్క వేసుకోండి. సీ మోటరుతో తేలికపాటి రాకెట్ 300 మీటర్ల దాకా పోతుంది. పారాచూట్‌తో సెకనుకు 4 మీటర్ల చొప్పున దిగితే 75 సెకన్లు గాల్లో ఉంటుంది. ఆకులు కదిలేంత గాలి, అంటే సెకనుకు 3 మీటర్లు, వీచినా 225 మీటర్లు పక్కకు కొట్టుకుపోతుంది. సీ మోటరుకు మైదానం కనీసం 120 మీటర్ల వెడల్పుండాలని అమెరికా వాళ్ల భద్రతా నియమం. నన్నడిగితే మన దగ్గర అది చాలదు, ఎందుకంటే మన మైదానం గోడ అవతల ఏముందన్నదే అసలు ప్రశ్న. జనవరిలో వరంగల్ చుట్టుపక్కల కాయ పగిలి తెల్లగా ఉన్న పత్తి ఉంటుంది, ఎండిన మక్క చొప్ప ఉంటుంది. అప్పుడే కాలిన మోటరు గొట్టం ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ రోజు ఏమీ అంటుకోలేదు. కానీ చేను గట్టు మీది పెద్దాయన "ఏందివయా, ఏడాది కష్టం కాలబెడ్తరా?" అన్నప్పుడు నాతో సహా ఎవరి దగ్గరా జవాబు లేదు. తీగల సంగతి వేరే చెప్పాలా? పొలాల మీద పోయే లైన్లున్నాయి, కాజీపేట చుట్టూ రైలు పట్టాల పైన 25 వేల వోల్టులున్నాయి. తీగకు చిక్కిన రాకెట్ జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ పోవద్దు. బావ కూడా ఈ మాట దగ్గర మాత్రం నాతో గొడవ పడడు.

వచ్చేటప్పుడు బస్సులో ఒక పిల్లవాడు అన్నాడు: "సార్, మంచిగుండె. గని మనం చేసిందేం లేదు గద."

ఇక నా పక్షం. ఇందులో కావాల్సినవి: రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, దాని మూతికి బిగుతుగా పట్టే రబ్బరు బిరడా, బిరడా మధ్యలో సైకిల్ ట్యూబు వాల్వు, గేజీ ఉన్న పంపు, ఒక చెక్క, రెండు మొలలు, ఎనిమిది మీటర్ల దారం. సీసాలకు కరువు లేదు, పెళ్లిళ్ల సీజన్లో ఫంక్షన్ హాల్ వెనక నిలబడితే సంచి నిండుతుంది. రెక్కలకు ఎన్నికలయ్యాక మిగిలిపోయే సన్‌ప్యాక్ షీట్లు. మొత్తం కలిపి నాకైంది మూడు వందల లోపే, అందులో ఎక్కువ పంపుకే.

సీసాలో కొంచెం నీళ్లు పోసి తలకిందులుగా నిలబెట్టి గాలి కొడితే, సీసాను పట్టి ఉంచిన మొలను దారంతో లాగగానే నీళ్లు కిందికి చిమ్మి సీసా పైకి పోతుంది. తోపంతా అర సెకను లోపే. ఎత్తు మాకు నలభై, నలభై ఐదు మీటర్లు వచ్చింది. బావ దీనికి నవ్వుతాడు. నవ్వనీ.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది: "నీళ్లు ఎక్కువ పోస్తే ఎక్కువ పోతది గద సార్?" నేను జవాబు చెప్పలేదు, పోసి చూడమన్నాను. 1200 మిల్లీలీటర్లు పోసింది. సీసా బద్ధకంగా లేచి, వేపచెట్టు దాటి, బోర్లా పడింది. "బరువైంది" అన్నాడు ఒకడు. "గాలికి జాగ లేదు" అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ నిజమే చెప్పారు. నీళ్లు తోసేయడానికి బరువునిస్తాయి, గాలి స్ప్రింగులా నెడుతుంది, రెండూ ఒకే సీసాలో చోటు కోసం పోట్లాడుకుంటాయి. తర్వాత 200 నుంచి మొదలుపెట్టి రెండొందల చొప్పున పెంచుతూ ఒక్కోటి మూడేసి సార్లు ఎగరేశారు. ఒక్కో ప్రయోగానికి నాలుగు నిమిషాలు. పదకొండింటికి పద్దెనిమిది అయ్యాయి.

ఎత్తు కొలవడానికి కంపాస్ బాక్సులోని కోణమానినికి దారం కట్టి, దారానికి నట్టు వేలాడదీశాం. పిల్ల 50 మీటర్ల దూరంలో నిలబడి కోణం చూసి అరుస్తుంది, పదో తరగతి అన్న టాన్ పట్టిక చూసి గుణిస్తాడు. 40 డిగ్రీలంటే 42 మీటర్లు. త్రికోణమితి అనువర్తనాల పాఠం ఇంత హడావుడిగా నేనెప్పుడూ చెప్పలేదు. గ్రాఫు గీస్తే గీత పైకి పోయి, 600 దగ్గర వంగి, కిందికి దిగింది. దాదాపు మూడో వంతు నీళ్లు మేలని పుస్తకం చెప్పకుండానే వాళ్లకు తెలిసింది.

ఇంకోటి. ఒకడి సీసా గాల్లో పల్టీలు కొడుతోంది. ముక్కు దగ్గర పిడికెడు బంకమట్టి అంటించమన్నాను. "బరువు పెంచితే కిందికే ఉంటది కద సార్" అని మొహం మాడ్చుకున్నాడు. అంటించాక నిటారుగా పోయింది, ముందుకంటే పైకి పోయింది. బరువు కేంద్రం రెక్కల మీద పడే గాలి తోపు కంటే ముందుండాలి, తారాజువ్వకు పుల్ల చేసే పనీ అదే. ఎగరేసే ముందు నడుముకు దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పితే తెలిసిపోతుంది: ముక్కు ముందుంటే సరే, తిరగబడితే ఇంకా మట్టి కావాలి.

నీళ్ల సీసా అంటే ప్రమాదం లేనిదని మాత్రం అనుకోవద్దు. మేం 60 పీఎస్ఐ దాటం. అది బండి టైరుకు కొట్టేదానికి రెట్టింపు. కూల్‌డ్రింక్ సీసాలే వాడాలి, మంచినీళ్ల సీసాలు ఆ ఒత్తిడికి చేసినవి కావు. కొత్త సీసాను గొంతు దాకా నీళ్లతో నింపి 80 దాకా కొట్టి చూస్తాను. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి సీసా చిట్లినా ముక్కలు ఎగరవు. ఎక్కడన్నా తెల్లగా మడత కనిపిస్తే ఆ సీసా చెత్తబుట్టకే. ఫెవిక్విక్ సీసాకు తగలనివ్వను, ప్లాస్టిక్ పెళుసవుతుంది, రెక్కలకు టేపే. గాలి కొట్టాక దగ్గరికి ఎవరూ పోకూడదు. బిరడా ఇరుక్కుపోతే దారంతోనే గాలి వదిలేలా ముందే ఏర్పాటుండాలి. మొదటి ఏడాది అది లేక అరగంట సీసాను చూస్తూ కూర్చున్నాం.

బావ మాటలోనూ న్యాయం ఉంది. నీళ్ల సీసాకు పారాచూట్ పెట్టడం నరకం. పదిసార్లు పెడితే నాలుగుసార్లు విచ్చుకుంది. మోటరు ఎంతసేపు ఎంత తోస్తుందన్నది, రెండంచెలు, సమయానికి తెరుచుకోవడం, ఇవేవీ సీసాతో సరిగా చెప్పలేం. 2022 నవంబరులో హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్లు పోయింది. అది నడిచింది ఘన ఇంధనం మీదే, థమ్సప్ సీసా మీద కాదు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం దాటి, మాస్టార్లు, అనుమతులు, పెద్ద మైదానం ఉన్నవాళ్లకు మందు గొట్టమే సరైంది. ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్-స్పేస్ జరిపే విద్యార్థి పోటీల లాంటివి వాళ్ల దారి. ఆ దారిన పోవాలనుకునే తమ్ముళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు మా సీసాలో గాలి పీడనం కొలిచే బీఎంపీ280 సెన్సరు పెట్టి ఎత్తు కొలవండి. మీటరు ఎత్తుకు పీడనం 12 పాస్కల్‌ల దాకా తగ్గుతుంది. నలభై మీటర్లలో మీ కోడ్ తప్పులన్నీ బయటపడతాయి, పత్తి చేను జోలికి పోకుండానే.

ఐదో తరగతి లోపు పిల్లలకు మాత్రం ఈ రెండూ వద్దు. ఖాళీ సీసాకు పీవీసీ పైపు తగిలించి, పైపు మీద కాగితం గొట్టం తొడిగి, సీసా మీద కాలితో ఒక్క తొక్కు తొక్కితే చాలు. ఇరవై మీటర్లు పోతుంది, గంటలో తరగతికంతా వంతు వస్తుంది. ఒకే షరతు, పైపు మీద వంగి చూడకూడదు.

వేళ సంగతి: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున తొమ్మిదిలోపు గాలి తక్కువ. సంక్రాంతి మూడు రోజులు వదిలేయండి, మైదానమంతా పతంగులు, మాంజా దారాలే. ఎండాకాలం పిల్లలు నీళ్ల కోసమైనా వస్తారు, కానీ పది దాటితే నాకు చేతకాదు.

పోయిన వారం బావ మా బడికి వచ్చాడు, సెన్సరు తానే తెచ్చాడు. దాన్ని సీసా ముక్కులో పెడుతుంటే, నీళ్లు తగలకుండా కవర్ చుట్టమన్నాను. "నాకు తెల్వదా" అన్నాడు. మూడో ప్రయోగానికి సెన్సరు తడిసింది. ఇప్పుడది మా ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది, పనిచేస్తుందో లేదో ఆదివారం చూడాలి.