గాడి తప్పిన స్టార్టప్‌లో ఉండటమా, హైదరాబాద్‌కు మారడమా: ఏది మేలు?

మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలోనూ, నల్లగొండలోనూ 2023లో ఐటీ టవర్లు ప్రారంభమైన తర్వాత, ఇంటి భోజనం తింటూ కోడ్ రాసుకునే వీలు ఈ ప్రాంతపు ఇంజనీర్లలో కొందరికైనా దక్కింది. అయితే చేరిన చిన్న సంస్థలో టెస్టులు (కోడ్ సరిగా పనిచేస్తుందో చూసే పరీక్షలు) లేకుండానే శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్‌ను సర్వర్లకు ఎక్కించడం, ఒకరు రాసింది మరొకరు చూడకపోవడం, ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు వ్యవస్థ) పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో తిరగడం మామూలైపోతే ఏం చేయాలి?

జీతం హైదరాబాద్‌లోనే ఎక్కువ రావచ్చు. అందులో కొంత గచ్చిబౌలి అద్దెకే పోతుంది. రెండు పట్టణాలూ అక్కడికి సుమారు వంద కిలోమీటర్లు కనుక రోజూ వెళ్లి రావడం కుదిరే పని కాదు. నేర్చుకునే విషయంలో మాత్రం చిన్న సంస్థదే పైచేయి: డేటాబేస్, సర్వర్, కస్టమర్ ఫోన్లు అన్నీ మన మీదే పడతాయి.

అసలు తూకం వేయవలసింది వేరే ఉంది. పద్ధతులు తెలియకపోవడం ఒకటి, తప్పును బయటపడనీయకపోవడం మరొకటి. 2017 జనవరి 31న, ఇంజనీర్లు కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్‌ను తుడిచేశారు. ఉన్నాయనుకున్న బ్యాకప్‌లలో చాలావరకు పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. సుమారు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. ఆ సంస్థ జరిగిందంతా బహిరంగంగా రాసింది, పునరుద్ధరణ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపింది. తప్పును దాచకపోతే, అంత పెద్ద లోపమున్న చోట కూడా ఉండి పనిచేయవచ్చు. కానీ 'ఎవరు చేశారు' అన్నదే మొదటి ప్రశ్నగా ఉన్న చోట అందరూ దాచడం నేర్చుకుంటారు. అక్కడ మీరొక్కరు టెస్టులు రాసినా నిలవవు.

కాబట్టి ఈసారి సర్వర్ పడిపోయినప్పుడు, ఎవరి పేరూ లేకుండా కారణాలను ఒక పేజీలో రాసి వ్యవస్థాపకుడికి ఇవ్వండి. ఆయన దాని మీద ఒక్క మార్పైనా చేయిస్తే, ఇంటికి దగ్గరగా ఉండిపోవడమే మేలని నా అభిప్రాయం. పేజీ రాసినందుకే చీవాట్లు పడితే వేరే ఉద్యోగం చూసుకోండి. ఈసాప్ షేర్ల (సంస్థ తన ఉద్యోగులకు ముందే నిర్ణయించిన ధరకు ఇస్తానన్న షేర్ల) ఆశతో ఆగేవారు ఒకటి గమనించాలి: మన దేశ కంపెనీల చట్టం నిబంధనల ప్రకారం అవి ఇచ్చిన తేదీకి, హక్కు దక్కే తేదీకి మధ్య కనీసం ఏడాది ఉండాలి, పైగా స్టాక్ మార్కెట్‌లో లిస్టు కాని సంస్థ షేర్లను అమ్ముకోవడం తేలిక కాదు.

హైదరాబాద్‌లోని పెద్ద సంస్థల్లోనూ ఇదే రోగం ఉండవచ్చు. అందుకే ఇంటర్వ్యూలో, చివరిసారి సర్వర్ ఎందుకు పడిపోయింది, ఆ తర్వాత ఏం మార్చారు అని మీరే అడగండి. జవాబు దాటవేస్తే ఆ ఆఫర్ కోసం ఊరు విడవనక్కర్లేదు.