దమ్ముకా, పేడకా? డెల్టాలో పాడి మకాంకి ఏ ట్రాక్టరు మేలు

"ఎన్ని హెచ్‌పీ కావాలండీ?" షోరూములో అడిగే మొదటి మాట ఇదే. డెల్టా రైతుకి వెంటనే దమ్ము, అంటే నాట్లకి ముందు పొలాన్ని నీళ్లలో బురదగా దున్నడం, గుర్తొస్తుంది. నల్లరేగడి, పిక్కల లోతు బురద, అందులో దిగబడకుండా బిగించే ఇనుప కేజ్ వీల్స్... కాబట్టి 45కి తగ్గితే కుదరదంటాడు. వరి రైతు లెక్కలో అది తప్పు కాదు. ఇరవై గేదెలున్న మకాంకి బండి కొనేటప్పుడు మాత్రం ముందు చూడాల్సింది దమ్ము కాదు, రోజూ తోలే బరువు.

పాలిచ్చే ముర్రా గేదె రోజుకి 25–30 కిలోల పచ్చిగడ్డి, 5–6 కిలోల ఎండుగడ్డి తింటుంది. 20–25 కిలోల పేడ వేస్తుంది. ఇరవై గేదెలకి 500–600 కిలోల పచ్చిగడ్డి లోపలికి రావాలి, 400–500 కిలోల పేడ బయటికి పోవాలి. మొత్తం టన్ను బరువు. దూరం కిలోమీటరు లోపే. పని గంట, మహా అయితే గంటన్నర. తుపాను పట్టినా, సంక్రాంతి వచ్చినా ఆగని పని ఇది. సొంత పొలం పదెకరాలుంటే దమ్ము సార్వాకి (ఖరీఫ్) నాలుగు రోజులు, దాళ్వాకి (రబీ) నాలుగు రోజులు. కోతలయ్యాక గడ్డి చుట్టించి తోలుకోవడానికి ఇంకో వారం. పెద్ద బండికి నిజంగా పని ఉండేది ఏడాదికి పదిహేను రోజులు. మిగతా 350 రోజులు అది టన్ను బరువు కోసం రెండు టన్నుల ఇనుమును తిప్పుతుంటుంది.

అందుకని పోలిక మూడు రకాల మధ్య పెట్టాలి. 24 హెచ్‌పీ దగ్గరుండే ఫోర్ వీల్ (నాలుగు చక్రాలూ లాగే) మినీ, 35–42 హెచ్‌పీ పాతకాలపు సాదా బండి, 45–50 హెచ్‌పీ కొత్త ఫోర్ వీల్ బండి.

మినీ: మకాం లోపలికి వెళ్లగలిగేది ఇదొక్కటే

కుబోటా బి2441, మహీంద్రా జీవో 245 లాంటివి ఈ తరగతివి. బి2441 బరువు సుమారు 630 కిలోలు, వెడల్పు మీటరు చుట్టుపక్కల. గేదెల్ని రెండు వరసల్లో కట్టిన పాకలో మధ్య దారి ఏడెనిమిది అడుగులుంటే ఇది లోపలికి వెళ్లి పేడ ఎత్తుకుని వస్తుంది. 45 హెచ్‌పీ బండి వెడల్పు అయిదున్నర, ఆరడుగులు. అద్దాలు, ట్రక్కు (వెనక తగిలించే తొట్టి) వంపు కలుపుకుంటే అది పాక గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు పేడ తట్టల్లో బయటికి రావాలి. కూలి ఖర్చు పెరిగేది అక్కడే, కానీ ట్రాక్టరు కొనేవాళ్లు దాన్ని లెక్కలో వేసుకోరు.

రెండో లాభం గడ్డి చేలో. సూపర్ నేపియర్, కో-4 లాంటివి నాటాక 75–80 రోజులకి మొదటి కోత, ఆ తర్వాత 45 రోజులకొకటి. కోసిన ప్రతిసారీ చేలో తడి ఉంటుంది. 1,800 కిలోల బండి, వెనకాల ట్రక్కు అదే జాడలో నాలుగు కోతలు తిరిగితే ఆ జాడలో దుబ్బులు చచ్చిపోతాయి, నేల గట్టిపడి నీళ్లు నిలబడతాయి. మినీతో ఆ నష్టం బాగా తగ్గుతుంది. కోనసీమ కొబ్బరితోటల్లో అంతరపంటగా గడ్డి వేసిన వాళ్లకి చెట్ల మధ్య మలుపుల్లోనూ ఇదే సుఖం. డీజిలు తేడా కూడా తక్కువేం కాదు. ట్రక్కు పనికి మినీ గంటకి లీటరున్నర, రెండు లీటర్లు తాగితే 45 హెచ్‌పీ బండి మూడు లీటర్ల దాకా తాగుతుంది. రోజుకి గంటంబావు చొప్పున ఏడాదికి తేడా 500 లీటర్ల పైమాటే.

ఇక దాని తంటాలు. ఇంట్లో పాత నాలుగు టన్నుల ట్రక్కు ఉంది కదా అని మినీకి తగిలిస్తారు. చదును నేల మీద లాగేస్తుంది కూడా. తేడా తెలిసేది కాలువగట్టు దిగేటప్పుడే. ట్రక్కుకి బ్రేకులుండవు, బండి బరువు ముప్పాతిక టన్ను లోపు. వెనకనుంచి మూడు టన్నులు నెడుతుంటే బ్రేకు తొక్కినా చక్రాలు ఆగి బండి జారుతుంది, కొక్కెం దగ్గర మడత పడి బోదెలోకి పోతుంది. మినీకి టన్ను, టన్నున్నర ట్రక్కే కట్టాలి. దిగే ముందే కింది గేరు వేసుకోవాలి, దిగేటప్పుడు క్లచ్ తొక్కకూడదు, రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం పెట్టి ఉండాలి. ఈ చివరిది ఏ బండికైనా వర్తిస్తుంది. చేలో మలుపుల కోసం విడదీసిన కొక్కెం రోడ్డెక్కాక మళ్లీ పెట్టకపోతే బ్రేకు ఒక్క చక్రానికే పడి బండి ఒక పక్కకి గుంజేస్తుంది.

వెనక పనిముట్లని ఎత్తే లిఫ్టు 750 కిలోల దగ్గర ఆగిపోతుంది కాబట్టి, మట్టిని గుల్ల చేసే పెద్ద రోటవేటరు దీనికి తగిలించలేం. లోతు దమ్ములో పొట్ట నేలకానుతుంది. 8.3x20 లాంటి టైర్లు ప్రతి టైర్ల కొట్లో దొరకవు, పట్నం నుంచి తెప్పించుకోవాలి.

35–42: మెకానిక్కు సైకిలు మీద వచ్చి బాగుచేసే బండి

మాసే ఫెర్గూసన్ 1035 (36 హెచ్‌పీ), స్వరాజ్ 735, మహీంద్రా 475 (42 హెచ్‌పీ) ఈ వరసలోవి. వీటి బలం హెచ్‌పీలో లేదు. తణుకు, రావులపాలెం, మండపేట, పాలకొల్లు, ఎక్కడైనా సామాన్లు దొరుకుతాయి, చెయ్యి తిరిగిన మెకానిక్కులు ఉంటారు. వరి రైతు బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే దమ్ము రెండు రోజులు వెనకబడుతుంది, అంతే. పాడి రైతు బండి ఆగితే ఆ సాయంత్రమే గేదెల ముందు గడ్డి ఉండదు, మర్నాడు పొద్దున పాలు తగ్గుతాయి. నమ్మకమైన బండి అంటే అసలు చెడనిదని కాదు, చెడితే పొద్దుగూకేలోపు మళ్లీ లేచేది. మా ఓటు ఈ తరగతికి పడటానికి సగం కారణం ఇదే.

కొనేటప్పుడు పట్టుబట్టి చూడాల్సింది క్లచ్. ఒకే క్లచ్ ఉన్న బండిలో పెడల్ తొక్కితే చక్రాలతో పాటు పీటీఓ (వెనక యంత్రాలని తిప్పే షాఫ్టు) కూడా ఆగుతుంది. గడ్డిని చుట్టలు చుట్టే బేలరు వెనకాల కట్టుకుని గడ్డి వరస మీద పోతున్నప్పుడు ఒక చోట గడ్డి దట్టంగా ఉంటుంది. బండి ఆపితే నోట్లో ఉన్న గడ్డి లోపలికి పోయి దారి ఖాళీ అవ్వాలి. ఒకే క్లచ్ అయితే బేలరు కూడా ఆగిపోతుంది, మళ్లీ వదిలేసరికి ఆగిన గడ్డి మీద కొత్త గడ్డి వచ్చి పడి నోరు పూడుకుపోతుంది. అప్పుడు దిగి చేత్తో పీకాలి. ఇంజను ఆపకుండా పీకబోతే చెయ్యి పోతుంది. డబుల్ క్లచ్ ఉన్నా, పీటీఓకి విడిగా లివరున్నా ఈ బాధ లేదు. ఒకే పేరున్న మోడల్ రెండు రకాల క్లచ్‌తోనూ దొరుకుతుంది కాబట్టి పేరు చూసి కాదు, పెడల్ తొక్కి పీటీఓ తిరుగుతోందో లేదో చూసి కొనాలి. పీటీఓ షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేకుండా పాకలో తిప్పొద్దు. మనిషిని లాగేసుకోవడానికి భుజాన తువ్వాలు, లుంగీ అంచు చాలు దానికి.

రెండోది బ్రేకులు. పాత బండ్లలో పొడి బ్రేకులుంటాయి. దమ్ము నీళ్లు, పేడ నీళ్లు చేరితే కాసేపు పట్టవు, తర్వాత ఒక్కసారిగా పట్టేస్తాయి. డెల్టాలో ఆయిల్లో మునిగి ఉండే ఆయిల్ బ్రేకులకి పెట్టిన డబ్బు దండగ కాదు.

గడ్డిని ముక్కలు చేసే చాఫ్ కట్టరు తిప్పడానికి మాత్రం ఏ ట్రాక్టరూ వద్దు. మూడు నుంచి అయిదు హెచ్‌పీ కరెంటు మోటారు చేసే పనికి నలభై హెచ్‌పీ ఇంజను తిప్పడం డీజిలు కాల్చుకోవడమే. కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికి పీటీఓ పుల్లీ ఒకటి పక్కన పెట్టుకుంటే సరి.

45–50 ఫోర్ వీల్: ఎవరికి అవసరం

జాన్ డీర్ 5045డి, కుబోటా ఎంయూ4501, స్వరాజ్ 744 దగ్గరి బండ్లు ఇవి. ఎంయూ4501 లిఫ్టు 1,640 కిలోలు. గడ్డి బేలరు సొంతంగా పెట్టి చుట్టుపక్కల అద్దెకి తిప్పేవాళ్లకి, ముందు లోడరు బిగించి పేడ ఎత్తించేవాళ్లకి, యాభై గేదెలు దాటినవాళ్లకి ఇవే సరి. ఫోర్ వీలుకి లక్ష పైనే అదనం. తడి చేలో, గట్టు ఎక్కేటప్పుడు ఆ డబ్బు పనిచేస్తుంది. తారు రోడ్డు మీద ముందు చక్రాల లివరు తియ్యడం మర్చిపోతే ఆ డబ్బే ముందు టైర్ల రూపంలో అరిగిపోతుంది.

50 హెచ్‌పీ గీత దాటొద్దు. 2023 జనవరి నుంచి ఆ పై బండ్లకి ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. ఎలక్ట్రానిక్ ఇంజెక్షను, సెన్సర్లు ఉన్న ఆ ఇంజన్లకి ఊళ్లో స్పానరు చాలదు, కంపెనీ వాళ్ల లాప్‌టాప్ రావాలి. పన్ను మాత్రం అన్నిటికీ దిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు రాయించిన కొటేషను చేతిలో ఉంటే మళ్లీ రాయించుకోండి.

మకాంలో ట్రాక్టరుని చంపేవి

బరువు కాదు, పొట్టి పరుగులు. పది నిమిషాలు తిప్పి ఆపడం, మళ్లీ పది నిమిషాలు. ఇంజను వేడెక్కదు, కాలని డీజిలు సంపులోకి జారి ఆయిలు పలచబడుతుంది, సైలెన్సరు మూతి దగ్గర నల్లటి జిగురు కారుతుంది. బ్యాటరీ నిండదు. వారానికోసారి నిండు ట్రక్కుతో అరగంట నడపాలి. 250 గంటల సర్వీసు అని మీటరు వైపు చూస్తూ కూర్చోకుండా ఆరు నెలలకో, 200 గంటలకో ఏది ముందైతే అప్పుడు ఆయిలు మార్చాలి.

తర్వాత గడ్డి నూగు. దాళ్వా కోతల్లో మధ్యాహ్నం బానెట్ ఎత్తి రేడియేటరు ముందున్న జల్లెడ లాగి చూడండి. నూగు తడి గుడ్డలా అతుక్కుని ఉంటుంది, గోటితో గీరితే పొరపొరగా ఊడొస్తుంది. వేడి ముల్లు ఎర్రగీత దాటాక చూసుకుంటే అప్పటికే హెడ్ గాస్కెట్ పోయుంటుంది. ఆ రోజుల్లో పూటకోసారి గాలి కొట్టాలి, ఫ్యాను వైపు నుంచి ముందుకి. ముందునుంచి కొడితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. సర్వీసు పంపు నీళ్లు కొడితే రేకులు వంగిపోతాయి.

పేడ, మూత్రం ఇనుముని తినేస్తాయి. ట్రక్కు అడుగురేకు 5 ఎంఎం వేయించుకోవాలి. పేడ తోలిన రోజే రిమ్ములు, బ్రేకు రాడ్లు కడగాలి. గడ్డివామి పక్కన బండి పెడితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

సెకండ్ హ్యాండ్ అయితే

డెల్టాలో పాత బండి అంటే దమ్ము చేసిన బండే అనుకుని మొదలుపెట్టాలి. గేరుబాక్సు డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు మజ్జిగ రంగులో ఉందంటే నీళ్లు చేరాయి. ముందు ఇరుసుని జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. టకటకమంటే బేరింగులు, సెంటర్ పిన్ను బుష్షు పోయినట్టు. వెనక హబ్బు నుంచి రిమ్ము మీదకి ఆయిలు చారలుంటే సీలు ఖర్చు. రోటవేటరు ఎత్తి ఇంజను ఆపాలి, పది నిమిషాల్లో కిందికి దిగిపోతే హైడ్రాలిక్ పని ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చెయ్యమనాలి, ముందే వేడి చేసి ఉంచితే అనుమానించాలి. ఫైనాన్సు ఉంటే, అది తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బు.

ఎవరికి ఏది

పదిహేను గేదెల లోపు, సొంత వరి నాలుగెకరాలు మించకపోతే: మినీ. దమ్ము, బేలరు అద్దెకి. ఇరవై నుంచి నలభై గేదెలు, పదెకరాలు: డబుల్ క్లచ్, ఆయిల్ బ్రేకులున్న 40 దగ్గరి టూ వీల్ బండి, కేజ్ వీల్స్‌తో. యాభై గేదెలు దాటితే ఒక కొత్త 50 హెచ్‌పీ బండి కన్నా, 45 ఒకటి, పేడకి పాత 35 ఒకటి. ఒకటి ఆగినా రెండోది గడ్డి తెస్తుంది. నరసాపురం–సఖినేటిపల్లి రేవులోలా పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) మీద దాటించాల్సిన లంక చేలకి, ఇసుక ఒండ్రుకి తేలిక బండే సుఖం.

ఏ బండైనా గోదావరి వరదలో మునిగితే సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆయిళ్లన్నీ దించి, ఇంజెక్టర్లు ఊడదీసి, చేత్తో తిప్పి నీళ్లు కక్కించాకే కొత్త ఆయిలు, కొత్త ఫిల్టర్లు. ఎండుగడ్డికి బేలరు అద్దె కోతల ముందే మాట్లాడుకోండి. ఇరవై గేదెలకి రోజుకి 120 కిలోల చొప్పున ఏడాదికి సుమారు 44 టన్నులు కావాలి, 18 కిలోల చుట్టలైతే 2,400 పైన. కాలువలు కట్టేసే వేసవిలోపు అవి మకాంలో కప్పు కిందకి చేరాలి.