ఇంజిన్ వేడి మీద ఆపనివ్వకపోతే ఆ బుల్లెట్ కొనకండి

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350లు తెచ్చి, రీబోర్ చేసి (సిలిండర్ లోపల కోసి వెడల్పు చేసి), హెడ్ (సిలిండర్ పైమూత) అడుగు కోయించి, పెద్ద కార్బురేటర్ వేసి "సింగిల్ కిక్ గ్యారంటీ" అని అమ్మే ఆయన మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. ఆయనతో బేరంలో ఉన్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి.

నేను ఆయన దగ్గర కొన్న బండి చల్లగా ఉంటే నిజంగానే ఒక్క కిక్కు. ఇరవై నిమిషాలు తిప్పి ఆపారా, ఇక లేవదు. ముప్పావుగంట ఆరనిస్తే మళ్లీ ఒక్క కిక్కు. ఈ సంగతి ఆయనకు ముందే తెలుసు. ట్రయల్ వేసి వచ్చి తాళం మీద చెయ్యి వేయగానే నా మణికట్టు పట్టుకుని "ఆపకండి సార్, బీట్ వినండి" అన్నాడు. వింటూ నిలబడిపోయాను. అప్పుడే ఆపి, అక్కడే మళ్లీ కొట్టి చూడాల్సింది. చూడలేదు, ఆ తప్పు నాదే. మర్నాడు ఫోన్ చేస్తే "బుల్లెట్ కొట్టాలంటే కాలిలో దమ్ముండాలి సార్, మీది స్కూటీ కాలు" అని పెట్టేశాడు. ఇప్పుడు ఎత్తడం లేదు.

కాలు సంగతి కాదు. అమ్మీటర్ ముల్లు మధ్యకు తెచ్చి, డీకంప్రెషర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలే లివర్) నొక్కి, పిస్టన్‌ను పైకొస కొంచెం దాటించి, కిక్కర్ పైదాకా వదిలి నిండుగా కొట్టినా వేడి మీద లేవలేదు.

గుట్టు కిక్కర్ దగ్గరే బయటపడింది. చల్లటి ఇంజిన్‌లో డీకంప్రెషర్ ముట్టకుండా కిక్కర్ మీద నిలబడితే మనిషి బరువును ఆపుతోంది. వేడి మీద అదే కిక్కర్, దమ్ము చేసిన మళ్లో కాలు దిగినట్టు మెల్లగా దిగిపోతోంది. అంటే కంప్రెషన్ కారిపోతోంది. వేడికే కారుతోందంటే ముందు చూడాల్సింది ట్యాపెట్లు, అంటే వాల్వులను తెరిచే కడ్డీల సెట్టింగ్. కుడివైపు బ్యారెల్ దగ్గర ట్యాపెట్ కవర్‌కు ఒకే నట్టు. రాత్రంతా ఆరిన ఇంజిన్‌లో పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకు తెచ్చి ఆ కడ్డీలు, అంటే రెండు పుష్‌రాడ్లూ వేళ్లతో తిప్పి చూడాలి. పైకీ కిందికీ ఆట ఉండకూడదు, చుట్టూ మాత్రం తేలిగ్గా తిరగాలి. ఇన్‌లెట్‌ది తిరిగింది. ఎగ్జాస్ట్‌ది బిగుసుకుని ఉంది. ఇంజిన్ అంతా పాత నూనె మరకలే, ఆ ఎగ్జాస్ట్ పుష్‌రాడ్ లాక్‌నట్టు మూలల మీద మాత్రం తాజా స్పానర్ గీతలు మెరుస్తున్నాయి.

హెడ్ ఒక మిల్లీమీటరు కోస్తే రాకర్లూ (పుష్‌రాడ్ తోస్తే వాల్వును నొక్కే చేతులు) అంత కిందికి వస్తాయి, పుష్‌రాడ్ అంత పొడుగైనట్టే. అడ్జస్టర్‌ను ఆ మేరకు దించి మళ్లీ సెట్ చేయాలి. ఈ పని సరిగ్గా చేయకుండా, టకటక శబ్దం కొనేవాడి చెవిన పడకూడదని బిగించి వదిలేశారు. చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ ఎలాగో సీటు మీద కూర్చుంటుంది. వేడెక్కి కాండం సాగాక కూర్చోదు, సందు మిగులుతుంది. ఆ సందులోంచి మంటే పోతుంది. హెడ్ దించి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఒకచోట బియ్యపుగింజంత మేర కాలడం మొదలైంది. కొత్త వాల్వ్ వేసి, విజయవాడ ఆటోనగర్‌లో సీటు కోయించి, ల్యాపింగ్ (వాల్వును సీటుకు నూరి అతికేలా చేయడం) చేయించాల్సి వచ్చింది. హెడ్ బిగించేముందు పోర్టులో (వాల్వ్ వెనక దారిలో) పెట్రోల్ పోసి అయిదు నిమిషాలు ఉంచండి. వాల్వ్ అంచున చెమ్మ కూడా కనిపించకూడదు. బిగించాక ట్యాపెట్లు చల్లటి ఇంజిన్ మీదే సెట్ చేయాలి. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి, గాస్కెట్ అణిగేకొద్దీ సెట్టింగ్ మారుతుంది.

కిక్కర్ వేడి మీద కూడా గట్టిగానే ఉంటే ట్యాపెట్ల జోలికి పోవద్దు. ప్లగ్ విప్పి హెడ్‌కు ఆనించి కొట్టండి. చల్లగా నీలంగా వచ్చిన స్పార్క్ వేడి మీద పసుపుపచ్చగా, సన్నగా వస్తే పాయింట్లకు తగిలించి ఉండే చిన్న డబ్బీ, కండెన్సర్‌ను అనుమానించాలి. పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును తెంపే చిన్న మొనలు) నల్లగా కాలి ఉంటే ఇంకా అనుమానించాలి. పాతదాని వైరు తప్పించి, కొత్తది బయటే వేలాడదీసి, వైరు పాయింట్లకు, బాడీ ఎర్త్‌కు తగిలించి కొట్టి చూడండి. అప్పుడు అందుకుంటే అదే రోగం. అందుకోకపోతే కాయిల్ చూడండి. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు.

స్పార్క్ బాగుండి ప్లగ్ తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువైందని అర్థం. ట్యాప్ కట్టి, తాళం ఆపి, యాక్సిలరేటర్ నిండా తిప్పి, డీకంప్రెషర్ పట్టి ఏడెనిమిది కిక్కులు కొట్టండి. ఆ తర్వాత తాళం వేస్తే అందుకుంటుంది. అందుకుంటే కార్బురేటర్‌లో పెట్రోల్ మట్టాన్ని ఆపే ఫ్లోట్ లెవెల్, నీడిల్ చూడండి. కార్బురేటర్‌కూ హెడ్‌కూ మధ్య వేడి ఆపే దళసరి ప్యాకింగ్ ఉందో లేదో చూడండి. పెద్ద కార్బురేటర్ ఇరికించేటప్పుడు చాలామంది అది తీసి పారేస్తారు, దాంతో లోపల పెట్రోల్ మరుగుతుంది. వేడి ఇంజిన్‌కు చోక్ వేయొద్దు.

కొనేవాళ్లు మాత్రం, వెళ్లగానే ఇంజిన్ మీది రెక్కల (ఫిన్స్) మీద చెయ్యి పెట్టి బండి చల్లగా ఉందో లేదో చూసుకోండి. ఇరవై నిమిషాలు నడిపి, మీ చేత్తోనే ఆపి, అయిదు నిమిషాలాగి మీరే కొట్టండి. ట్యాపెట్ కవర్ విప్పమనండి, రెండు నిమిషాల పని. విప్పనంటే డబ్బు జేబులోంచి తీయకండి.