గోధుమ పడని మనిషి గోదావరి యాత్ర: పొట్టిక్క నిలబెట్టింది, రిసార్టు ముంచింది

గోధుమ పడని మనిషికి గోదావరి జిల్లాలను మించిన చోటు లేదు. తిరిగొచ్చి నాలుగు ఊళ్ళ తిండి లెక్క చూసుకున్నాక చెబుతున్న మాట ఇది. కాకపోతే రూ.130 భోజనం పెట్టే మెస్సులో నాకు దొరికిన భద్రత, రోజుకు రూ.5,400 గది అద్దె తీసుకున్న రిసార్టులో దొరకలేదు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు. కడుపుమంట అంటే ఇక్కడ రెండు రకాలుగానూ.

నాకున్నది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది లోపలికి వెళ్తే నా ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ నా చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపల పోషకాలను పీల్చుకునే విల్లై అనే సన్నటి నూగు అరిగిపోయి తిన్నది ఒంటికి పట్టదు. ఏళ్ళ తరబడి రక్తహీనత అంటూ ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ కదల్లేదు. చివరికి ఒక గ్యాస్ట్రో డాక్టరు టీటీజీ రక్తపరీక్ష రాసి, ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాక సంగతి బయటపడింది. దీనికి మాత్ర లేదు. జీవితాంతం గ్లూటెన్ మానెయ్యడమే వైద్యం. కొంచెమే కదా అనడానికి వీల్లేదు. చపాతీ కాల్చిన పెనం మీద పోసిన దోసె కూడా నాకు పనికిరాదు.

మా అత్తయ్యగారికి మాత్రం ఇది నమ్మకం కుదరని జబ్బు. "రెండు పూటలా అన్నం తినే ఇంట్లో ఈ గోధుమ జబ్బేంటే అమ్మాయ్" అంటూ ఉంటారు. ఆవిడ, మా ఆయన, ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మావాడు, నేను... ఇదీ మా బృందం.

మొదటి మజిలీ అన్నవరం. డెల్టా కాదు గానీ ఆ దారిన వెళ్తూ సత్యదేవుణ్ణి చూడకుండా వెళ్తామంటే అత్తయ్యగారు ఊరుకోరు. దర్శనం చక్కగా అయింది. తర్వాత ప్రసాదం. అన్నవరం ప్రసాదం రుచి తెలియని తెలుగువాళ్ళు తక్కువ. గోధుమ నూక, తీపి, నెయ్యి. ఆకు పొట్లం విప్పగానే వేడి వేడి నెయ్యి వాసన ముఖానికి కొట్టింది. కళ్ళకద్దుకుని మావాడి చేతిలో పెట్టేశాను. అత్తయ్యగారు చూశారు. "స్వామి ప్రసాదం ఏం చేస్తుందే? ఒక్క మెతుకు నోట్లో వేసుకో" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. ఆవిడ నవ్వలేదు. కొండ దిగేదాకా నాతో మాట్లాడలేదు, కారులో కూడా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మా ఆయన మధ్యలో ఇరుక్కుని డ్రైవరుతో ధాన్యం ధరల గురించి మాట్లాడుకుంటూ పోయాడు.

ద్రాక్షారామం, యానాం, అమలాపురం... దర్శనాలు, గాలి, ఫోటోలు అన్నీ సవ్యంగా జరిగాయి, రాయడానికేమీ లేదు. కారుకి బత్తాతో కలిపి రోజుకు రూ.3,800, ఆ డబ్బుకి తగ్గ మనిషే దొరికాడు. పొద్దున్న టిఫిన్లు ఇడ్లీలతో గడిచిపోయాయి. ఇడ్లీ రవ్వ బియ్యానిదే కాబట్టి భయం లేదు, గోధుమతో చేసే బొంబాయి రవ్వ ఇడ్లీ మాత్రం కాదని కనుక్కుంటే చాలు. పెసరట్టు దొరుకుతుంది గానీ ఇక్కడ ఉప్మా పెట్టకుండా ఇవ్వమంటే మనల్ని కొత్తగా చూస్తారు. ఉప్మా వద్దనడంతో సరిపోదు, ఉప్మా తగిలిన అట్లకాడ కూడా వద్దనాలి.

ఇక రిసార్టు. గోదావరి పాయ ఒడ్డున, కొబ్బరితోటల మధ్య, ఫోటోల్లో అద్భుతంగా ఉంటుంది. ఒప్పుకోవాలి, నిజంగానూ అద్భుతంగానే ఉంది. రెండు గదులు తీసుకున్నాం. బుక్ చేసే ముందే ఫోన్ చేసి నా సంగతి వివరంగా చెప్పాను. "గ్లూటెన్ ఫ్రీ ఉందండి మేడమ్. స్పెషల్ డైట్ కింద పూటకి నాలుగొందల యాభై ఎక్స్‌ట్రా అవుద్దండి" అన్నాడు అవతలి అబ్బాయి. పోనీలే, విడిగా వండుతారు కదా, ఇద్దాం అనుకున్నాం.

రాత్రి భోజనానికి కూర్చోగానే నా ముందు పెట్టింది రొట్టెలు. ఇవేంటి బాబూ అంటే "మల్టీగ్రెయిన్ మేడమ్, మైదా అస్సలుండదండి. షుగరున్నోళ్ళకి కూడా ఇయ్యే ఇస్తామండి" అన్నాడు. మల్టీగ్రెయిన్‌లో మొదటి గింజ గోధుమేనని చెప్పి తిప్పి పంపాను. తర్వాత చేప వేపుడు వచ్చింది. ముక్క మీద కరకరలాడుతూ బొంబాయి రవ్వ పొర, గింజ గింజా లెక్కపెట్టొచ్చు. అదీ వెనక్కి పోయింది. మావాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా "అమ్మా, నువ్వు లోపలికెళ్ళి వండేసుకో" అన్నాడు. అప్పటికి టోపీ పెట్టుకున్న చెఫ్‌గారే స్వయంగా వచ్చారు. అన్నం, పప్పు, బీరకాయ కూర, సాంబారు. "ఇదంతా మీ కోసం విడిగా చేయించానండి, ఇందులో గోధుమన్నది లేదు, నాదీ పూచీ" అన్నారు. సాంబారు ఘుమఘుమలాడుతోంది. తిన్నాను.

రాత్రి రెండు గంటలకు మొదలైంది. పొట్ట ఉబ్బిపోయి మెలిపెట్టే నొప్పి, ఆ తర్వాత విరేచనాలు. తెల్లారేసరికి కాళ్ళలో సత్తువ లేదు. మా ఆయన కోపంగా వంటింట్లోకి వెళ్ళి ఇంగువ డబ్బా ఫోటో తీసుకొచ్చాడు. దాని మీద స్పష్టంగా ఉంది: గోధుమ పిండి. అసలు ఇంగువ అంటే ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు, మహా ఘాటు. నేరుగా వాడలేం కాబట్టి దానికి గోధుమ పిండో మైదానో, తుమ్మజిగురో కలిపి పొడి చేసి అమ్ముతారు. బజారులో దొరికే చాలా డబ్బాల్లో ఉండేది ఆ కలిపిన సరుకే. గోధుమ కనపడని వంటల్లోకి గోధుమ దూరే దొడ్డిదారి అదే: సాంబారు, రసం, పులిహోర పోపు, కొన్ని పచ్చళ్ళు. స్పెషల్ డైట్ అని డబ్బు తీసుకునే వంటవాడికి ఈ ముక్క తెలియకపోతే ఆ డబ్బు దేనికి?

ఆ రోజు పడవ షికారు మా ఆయన, మావాడు వెళ్ళారు. నేను మంచం మీద. అత్తయ్యగారు షికారు మానేసి నా దగ్గరే కూర్చున్నారు. జబ్బు నిజమేనా అని అడగలేదు. అడక్కపోవడమే నాకు పెద్ద ఊరట. ఓఆర్‌ఎస్ కలిపిచ్చారు, కొబ్బరిబోండాం తెప్పించారు. గేటు బయట బోండాం రూ.30, రూమ్‌కి తెస్తే రూ.120. కొబ్బరిచెట్ల మధ్య పడుకుని బోండానికి నూట ఇరవై కట్టడం కోనసీమలో నేను చూసిన వింతల్లో ఒకటి.

అసలు తమాషా బిల్లు దగ్గర. స్పెషల్ డైట్, నాలుగు పూటలు, రూ.1,800. జీఎస్టీ రూ.90. నేను తిన్నది ఒక్క పూట, అదీ నన్ను పడుకోబెట్టిన పూట. మిగతా మూడు పూటలూ నా సంచిలోని అటుకులు, అరటిపళ్ళు. మేనేజరు "కిచెన్లో ప్రిపేర్ చేసేశారు కదండీ మేడమ్" అని ఒకటే పాట. డబ్బా ఫోటో చూపించాం. "ఇంగువ కూడా పడదని మీరు చెప్పలేదండి" అన్నాడు! ముప్పావుగంట వాదన తర్వాత రూ.900 తగ్గించాడు. చేతులు దులుపుకుని బయటికొస్తుంటే ఫైవ్ స్టార్ రివ్యూ ఇవ్వమని క్యూఆర్ కోడ్ ముందుకు జరిపాడు.

కారెక్కాక ఎవ్వరికీ నోట మాట లేదు. అంబాజీపేట దగ్గర డ్రైవరే బండి ఆపి "పొట్టిక్కలు తినండమ్మా, మీకేం కాదు" అన్నాడు. రోడ్డు పక్క రేకుల పాక. ఒకావిడ పనసాకులు ముందేసుకుని కూర్చుంది. నాలుగు ఆకులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పరిచి, అంచులు పైకి మడిచి ఈనెపుల్లతో టకటకా గుచ్చితే బుట్ట తయారు. చూసే లోపే మూడు అయిపోయాయి. అందులో మినప్పిండి, బియ్యం రవ్వ కలిపిన రుబ్బు పోసి ఆవిరి మీద పెడుతుంది. ఉడికాక ఆకు విప్పితే ఆకు ఈనెల గీతలు ఇడ్లీ మీద అచ్చు పడి ఉంటాయి, వాసన ఇడ్లీదీ కాదు, పనసదీ కాదు.

నేను నోరు తెరిచే లోపే అత్తయ్యగారు ముందుకొచ్చారు. "ఏమ్మా, ఇందులో గోధుమ గానీ, మైదా గానీ, బొంబాయి రవ్వ గానీ తగులుతుందా? మా కోడలికి పడదు. పచ్చట్లో ఇంగువ వేస్తావా?" ఆవిడ చేతిలో పని ఆపలేదు. "అబ్బే, అయ్యేమీ లేవండి. మినప్పప్పు, బియ్యపు రవ్వ, అంతేనండి. చట్నీలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయే. ఉప్మా ఆదివారం చేస్తానండి, దాని గిన్నె వేరే, ఇటు రాదు. కారప్పొడి మాత్రం కొన్నదండి, అందులో ఏముందో నాకు తెలీదు, వేసుకోకండమ్మా." తెలీదు అన్న ఆ మాట కోసమే ఆవిడకు దండం పెట్టాలి. టోపీ ఉన్న పెద్దమనిషి నోట రానిది అదే. పొట్టిక్క రూ.30. నేను మూడు తిన్నాను, కడుపు చల్లబడింది. ఇది నిజంగా పూటకు రూ.90 స్పెషల్ డైట్.

రావులపాలెం మీదుగా ఆత్రేయపురం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దుకాణాలు బాగా పెరిగినట్టున్నాయి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డ కుండ మీద ఇలా లాగీ లాగగానే రేకు లేస్తుంది. బియ్యం, నెయ్యి, పంచదార లేదా బెల్లం, కావాలంటే జీడిపప్పు. నాబోటివాళ్ళ కోసమే ఎవరో కనిపెట్టారా అనిపించే మిఠాయి. కానీ ఇక్కడా కళ్ళు తెరుచుకునే కొనాలి. మేం ఆగిన దుకాణంలో హార్లిక్స్ పూతరేకులు, చాక్లెట్ బిస్కెట్ పొడి వేసినవి కూడా ఉన్నాయి. హార్లిక్స్‌లో బార్లీ, గోధుమ రెండూ ఉంటాయి, బిస్కెట్ సంగతి చెప్పనక్కర్లేదు. ఒకే బల్ల మీద అన్నీ చుట్టే చోట నేను కొనలేదు. పక్క వీధిలో ఇంట్లో చేసి అమ్మేవాళ్ళ దగ్గర బెల్లంవి పది, రూ.280 పెట్టి తీసుకున్నాం. తాపేశ్వరం కాజా, కాకినాడ కాజా మాత్రం మైదావే, వాటి జోలికి పోకండి. మా ఆయన అరకిలో కొనుక్కుని డిక్కీలో దాచాడు, నా ముందు తినడానికి మొహమాటపడి.

ధవళేశ్వరం దగ్గర, గోదావరి మీద ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియం చూశాం. 1852లో ఆనకట్ట పూర్తయి కాలువల్లో నీళ్ళు పారాక ఈ ప్రాంతమంతా వరి మాగాణి అయింది. మావాడు మొదటిసారి ఫోన్ జేబులో పెట్టి అక్కడి పాత యంత్రాలు చూశాడు.

నాలాంటివాళ్ళు ఎవరైనా ఇటు వస్తే నా మాట వినండి. హోటల్లో గ్లూటెన్ అనకండి. అంటే తల ఊపుతారు గానీ అర్థం కాదు. గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, ఇంగువ అని పేరు పేరునా అడగండి. అరిసెలు, సున్నుండలు, పాలతాలికలు, పులస దొరికే రోజులైతే పులస పులుసు... ఈ నేల తిండిలో చాలాభాగం మనదే. పూర్ణం బూరెల తోపు బియ్యం, మినప్పప్పుదే గానీ ఈమధ్య కొందరు మైదా కలుపుతున్నారు, అడిగి తినండి. బియ్యప్పిండి కలిపిన ఇంగువ ఇప్పుడు దొరుకుతోంది, ఒక చిన్న డబ్బా సంచిలో వేసుకుంటే ఎవరింట్లోనైనా వండించుకోవచ్చు. ప్యాకెట్ల మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. హోటల్ మెనూ మీద రాసే గ్లూటెన్ ఫ్రీకి ఆ కొలత తీసేవాడెవడూ లేడు. చపాతీల కౌంటరు, చైనీస్ కౌంటరు ఉన్న పెద్ద హోటల్ కంటే నాలుగే కూరలు వండే మెస్సు మేలు. చాలా సోయా సాస్‌లలో కూడా గోధుమ ఉంటుంది కదా.

రాజమండ్రిలో లాడ్జి రూ.1,600, శుభ్రంగా ఉంది, అంతకంటే చెప్పేదేం లేదు. స్టేషనుకు దగ్గర్లోని మెస్సులో ఆఖరి భోజనం. యజమాని పెద్దాయన. అత్తయ్యగారు కూర్చోకముందే ప్రశ్నలు మొదలుపెట్టారు. ఆయన విని, లోపలి నుంచి ఇంగువ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి "అక్షరాలు చిన్నవండి, మీరే చదువుకోండి. ఇది సాంబారులో, చారులో పడింది, అమ్మాయిగారికి అవి వద్దు. ముద్దపప్పు, వంకాయ కూర, చేపల పులుసులో పడలేదు" అన్నారు. ముద్దపప్పులో నెయ్యి వేసి, చేపల పులుసు రెండుసార్లు మారు వడ్డించారు. సాయంత్రం రైల్లోకి పెరుగన్నం రూ.50 పార్సిల్ కట్టించాం. చల్ల మిరపకాయలు ఏ నూనెలో వేయించారు, అందులో అంతకుముందు మైదా బజ్జీలు గానీ వేశారా అని అత్తయ్యగారే వంటింటి గుమ్మందాకా వెళ్ళి కనుక్కుని వచ్చారు. వెయ్యలేదట. మిరపకాయలు ఇంకో నాలుగు ఎక్కువ వేయించుకొచ్చారు.